తిరిగి చెప్పని అంకె

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. మనిషి ఒకడు: మా చిన్న మేనమామ కోటయ్య, వయసు డెబ్బై ఒకటి. కీప్యాడ్ ఫోను ఒకటి, వెనక మూత ఊడకుండా దానికి రబ్బరు బ్యాండు. వాన కొలిచే గాజు గ్లాసు ఒకటి, అంచున చిన్న పెచ్చు లేచింది. రెండు వందల పేజీల లాంగ్‌బుక్కు ఒకటి, అందులో రాసిన పేజీలు నూట పన్నెండు. బాల్‌పెన్ను ఒకటి. వీటిని మోసిన ఖాకీ గుడ్డ సంచి ఒకటి. మొత్తం ఆరు.

మనిషి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ పోయాడు. మిగిలిన ఐదూ ఆయన అస్థికలతో పాటు కృష్ణలో పోయాయి. వాటిని నీళ్ళలో వదిలింది నేనే.

"ఆయన సంచి ఆయనకే ఇచ్చెయ్ రా అంజీ, పైన కూడా వాన కొలుచుకుంటాడు," అంది మా అత్త నాగరత్నమ్మ. గ్లాసూ పుస్తకమూ ఉన్నాయనుకుని వదిలేశాను. చేతిలో ఉన్నప్పుడు కాస్త బరువనిపించింది. గ్లాసు బరువనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా కాటా దగ్గర కూర్చుని లారీలు తూస్తున్న మనిషిని, చేతిలో ఉన్న సంచిలో ఫోనుందని పట్టలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆయన నంబరుకు కొడితే స్విచ్చాఫ్ అని వచ్చింది. ఇల్లంతా వెతికాక లెక్క తేలింది.

కాబట్టి ఆ ఫోను ఎక్కడుందో నాకు ఖాయంగా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదానికి అదే ఆధారం.

దయ్యాలను నేను నమ్మను అని చెప్పడం కూడా ఎక్కువే. నా లెక్కల్లో వాటికి ఎప్పుడూ ఒక గడి కేటాయించలేదు. మా కాటా దాచేపల్లి బయట రోడ్డు మీద ఉంది. దాని పక్క మలుపులో లారీలు తిరగబడ్డాయి, మనుషులు పోయారు. డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టి, దణ్ణం పెట్టి మరీ పోతారు. నేను అన్ని వేళలా ఆ గదిలో కూర్చున్నవాణ్ణే. ఒక్కనాడూ ఏదీ కనబడలేదు, వినబడలేదు. కనబడినదల్లా రాయి బరువు, సిమెంటు బరువు, డ్రైవర్ల అబద్ధాలు.

నేను చదివింది పదో తరగతి. కాటాకు కంప్యూటరు వచ్చినప్పుడు, బిగించినవాళ్ళు ఎలా ఆన్ చెయ్యాలో, ఎలా ఆపాలో చెప్పి వెళ్ళిపోయారు. మధ్యలోది నేనే నేర్చుకున్నాను. అట్లా నేర్చుకుంటూ నేర్చుకుంటూ సొంతంగా ఒక వెబ్‌సైట్ కట్టే దాకా వచ్చాను. అది వాన లెక్కల వెబ్‌సైట్. దానికి కారణం మా మామ.

మామది వెల్దుర్తి దగ్గర ఊరు. అన్నీ మెట్ట పొలాలు. అక్కడి వాన ఎద్దు ఒక కొమ్ము తడిపి రెండో కొమ్ము వదిలేసే రకం. ఈ చేలో పడితే ఆ చేలో పడదు. ఎప్పుడో ఒక ఆఫీసు వాళ్ళు వాన కొలిచే డబ్బా ఒకటి ఆయన చేలో పాతి, తర్వాత దాని సంగతి మరిచిపోయారు. మామ మరిచిపోలేదు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పోయి, డబ్బాలో నీళ్ళు గ్లాసులో పోసి, చూసి, పుస్తకంలో రాసేవాడు. పుస్తకంలో మూడు గళ్ళు గీసుకున్నాడు కాబట్టి ఏ అంకె అయినా మూడు స్థానాల్లోనే రాసేవాడు. ఏడు మిల్లీమీటర్లు పడితే 007. ఏమీ పడకపోతే 000.

"వాన లేని రోజు కూడా రాయడమెందుకు మామా?" అని ఒకసారి అడిగాను.

"సున్నా కూడా లెక్కే రా. రాయకపోతే వాన పళ్ళేదో, నేను పోలేదో ఎవడికి తెలుసుద్ది?"

రాసిన వెంటనే నాకు ఫోను చేసేవాడు. అంకె చెప్పేవాడు. నేను దాన్ని తిరిగి చెప్పాలి. ఇది మా కాటా అలవాటు. నేను బరువు కేకేస్తాను, డ్రైవరు అదే అంకె తిరిగి అంటాడు, అప్పుడే చీటీ కొడతాను. తిరుగు మాట లేని బరువు బరువు కాదు. ఒకసారి మా కాటాకు వచ్చినప్పుడు మామ ఇది చూసి ముచ్చటపడ్డాడు. ఆ రోజు నుంచి తన వానకూ అదే చట్టం పెట్టాడు. చెప్పినవాడు తిరుగు మాట వినేదాకా కదలకూడదు.

ఒక పొద్దున ఆయన అంకె చెబుతుండగానే రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను ఫోను బల్ల మీద పెట్టి పనిలో పడ్డాను. తిరిగి చూస్తే లైను ఇంకా నడుస్తోంది. పదకొండు నిమిషాలు.

"మామా, ఇంకా ఉన్నావా?"

"నువ్వు చెప్పందే ఎట్ట పోతాను? కాలు దగ్గర జెర్రి తిరగతా ఉంది, బిన్నా చెప్పు."

"పద్నాలుగు."

"ముందు సున్నా ఎవరు చెప్తారు, మీ అత్తా?"

"సున్నా పద్నాలుగు మామా."

అప్పుడు పెట్టేశాడు.

మెల్లగా చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ లెక్కలు వచ్చి చేరాయి. ఒకచోట బడి పంతులు, ఇంకోచోట పాల కేంద్రం ఆయన, ఇట్లా ఎవరికి వాళ్ళే కొలిచి పంపేవాళ్ళు. వాటన్నిటినీ సైట్లో పెట్టాను. ఊరి మీద రంగు చుక్క ఉండే మ్యాపు కూడా గీశాను. మామకు ఆ మ్యాపు చూడాలని ఆశ. కానీ ఆయన ఫోనులో అది తెరుచుకోలేదు.

"ఒరే, నీ పేజీ గానుగెద్దు లాగా తిరగతానే ఉంది. నూనె మాత్రం రాలా," అన్నాడు.

కొత్త ఫోను కొనిస్తానన్నాను. బటన్లు లేని ఫోను అద్దం ముక్కతో సమానమని, పొలంలో పడితే మిగలదని ఒప్పుకోలేదు. ఇక నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.

నేర్చుకున్నది ఇది. మనం ఏదైనా వెబ్‌సైట్ తెరిచినప్పుడు, మన ఫోను ముందు గుమ్మం దగ్గర నిలబడి తన పేరు చెప్పుకుంటుంది. ఫలానా కంపెనీ, ఫలానా మోడలు, ఫలానా బ్రౌజరు అని ఒక్క వరుసలో ఉంటుంది. మనకు కనబడదు, అవతలి కంప్యూటరుకు కనబడుతుంది. అది ఆ పేరు చూసి, వచ్చినవాడికి ఏ వడ్డన తగునో తేల్చుకుంటుంది. పెద్ద తెర అయితే మొత్తం పట్టిక. తాకే ఫోనయితే రంగుల మ్యాపు. చిన్న తెరా, బటన్లూ అయితే బొమ్మలన్నీ తీసేసి నాలుగు వరుసల అక్షరాలు. పెళ్ళి భోజనాల్లో పళ్ళు లేని ముసలాయన్ని చూసి వడ్డించేవాడు జంతిక దాటేసి పరమాన్నం ఇంకో గరిటె వేస్తాడు చూడండి, అదే పని.

మామకు ఇది చెబితే నమ్మలేదు.

"నా ఫోను చూసి నన్ను గుర్తు పట్టుద్దా? పెళ్ళయిన నెలకి పోతే మా మామగారే ఎవరయ్యా నువ్వు అన్నాడు!"

"నిన్ను కాదు మామా, నీ ఫోన్ని."

"ఏదైతే ఏం, పిల్చి కూచోబెట్టుద్దిగా."

ఆ ఒక్క మోడలు కోసం ఒక పేజీ కట్టాను. ఎనిమిది ఊళ్ళవాళ్ళలో ఆ ఫోను ఆయనకొక్కడికే ఉంది. దాని తెర మీద తెలుగు అక్షరాలు చతురస్రాల్లా వస్తాయి. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే పైన "మామా చెప్పు" అని రాశాను. దాని కింద మూడంకెలు పట్టే ఒక గడి పెట్టాను. ఆయన అంకె కొడితే దాని పక్కన ప్రశ్న గుర్తు వస్తుంది. నేను నా వైపు నుంచి అదే అంకె తిరిగి కొడితే ప్రశ్న గుర్తు పోతుంది. తిరుగు మాట అన్నమాట. అది పోయేదాకా ఆయన పేజీ తెరిచి చూస్తూనే ఉండేవాడు. నా దగ్గరి చిట్టాలో అన్నీ పడేవి. ఏ ఫోను, ఏ గంట, ఏ నిమిషం, ఏ పేజీ. నేను ఆలస్యం చేసిన రోజు ఆయన ఫోను పేరు ఏడెనిమిదిసార్లు ఉండేది.

ఆ పేజీ కట్టిన రోజు నుంచి ఆయన పోయే దాకా నాలుగేళ్ళలో తప్పింది రెండు వారాలు మాత్రమే. పోయిన ఏడాది జూన్‌లో ఆయన విషజ్వరంతో మంచం పట్టినప్పుడు.

ఆ రెండు వారాల్లోనే తొలకరి పడింది. మామ సూత్రం ఒకటుంది. తొలి వాన ఒక్కటే ముప్పై అయిదు దాటితే పత్తి గింజ పెట్టాలి, తగ్గితే ఆగాలి. ఆ ఏడు కొలిచే మనిషి లేడు. ఊళ్ళో అందరూ "బాగానే పడింది" అన్నారు. అత్త గింజలు పెట్టించింది. పైపైన తడిసిన నేల నాలుగు రోజుల్లో ఆరిపోయి గింజ మాడిపోయింది. రెండోసారి పెట్టేసరికి అదను దాటింది.

మామ పోయాక అత్త తమ్ముడు పుల్లారావు వచ్చి, నా ముందే ఆమెతో మాట తీసుకున్నాడు. ఆయనది పక్క ఊరు.

"ఈ ఒక్క ఏడు చూద్దాం అక్కా. మళ్ళీ గింజ మాడిందనుకో, చేను నాకు కౌలుకిచ్చి గమ్మున మా ఇంట్లో కూచో. నీకు పిల్లాజెల్లా ఉన్నారా, ఎవరికోసం ఈ తిప్పలు?"

"మాడితే కదరా," అంది అత్త. కానీ మాట ఇచ్చింది. మూడెకరాల పావు చేను. నలభై ఎనిమిదేళ్ళు మామతో కలిసి ఆమె నడిచిన చేను. అది ఆమె చేతిలో ఉండాలా పోవాలా అన్నది ఆ ఏడు గింజ మీద పడింది.

ఈ ఏడు జూన్‌లో అత్తకు నరసరావుపేటలో శుక్లం తీశారు. వంగకూడదు, దుమ్ములోకి పోకూడదు అన్నారు. అందుకని మా ఇంట్లో పెట్టుకున్నాం. మా ఇల్లు కాటా వెనకే. ఆమెకు ఊరికే కూర్చోవడం చేతకాదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పొద్దున్నే నా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, లారీ చప్పుడును బట్టి బరువు ఊహించేది. పదింట్లో నాలుగు దగ్గరగా చెప్పేది.

ఆపరేషన్ అయిన ఆరో రోజు పొద్దున. ముందు రోజు సాయంత్రం వెల్దుర్తి వైపు మబ్బు పట్టిందని విన్నాం. తొమ్మిదింటికి అత్త ఊరి నుంచి మేస్త్రమ్మ ఫోను చేసింది. గింజలు పెట్టే ఆడకూలీల ముఠా ఆమెదే.

"ఏం నాగరత్నమ్మా, పెట్టమంటావా వద్దా? పదింటికల్లా చెప్పు, లేకపోతే ముఠా వేరే చేనికి పోద్ది. మళ్ళీ నాలుగు రోజుల దాకా దొరకం."

"వాన ఎంత పడిందే?"

"బాగానే పడింది."

అత్త ఫోను దూరంగా పట్టుకుని నా వైపు తిరిగింది. "బాగానే అంట. ఆ మాటకే పోయిన ఏడు గింజంతా మాడింది."

చేను ఊరికి రెండు కిలోమీటర్లు, కొండ వాలులో ఉంది. ఊళ్ళో పడిందని అక్కడ పడినట్టు కాదు. ఇంతలో పుల్లారావు ఫోను వచ్చింది. వాళ్ళ ఊరి బడిలో డబ్బా ఉంది. పదకొండే పడిందట. "ఇక్కడ పదకొండైతే అక్కడ ముప్పయ్యైదు పడుద్దా అక్కా? తొందరపడమాక. పోయిన ఏడు చూశావుగా," అన్నాడు. ఆ మాటలో ప్రేమా ఉంది, కౌలూ ఉంది.

ఆ పదకొండు సైట్లో ఎక్కిద్దామని నేను పట్టిక తెరిచాను. తొమ్మిది ఇరవై అయింది.

మామ వరుసలో ఏప్రిల్ నుంచి అన్నీ ఖాళీ గళ్ళే. ఆ రోజు గడి ఖాళీగా లేదు. 038. పక్కన ప్రశ్న గుర్తు.

చిట్టా తీసి చూశాను. ఎనిమిది గంటల ముప్పై ఒక్క నిమిషం. పేరు వరుస: మామ ఫోను కంపెనీ, మామ ఫోను మోడలు, మామ ఫోను బ్రౌజరు. అక్షరం తేడా లేదు. నా సైటు ఆ పేరు చూసి, అలవాటు ప్రకారం బొమ్మలన్నీ తీసేసి, "మామా చెప్పు" పేజీ వడ్డించింది. ఆ గడిలో ఎవరో మూడంకెలు కొట్టారు.

ముందు నా మీదే అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆ పేజీ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి అప్పుడప్పుడు నా కంప్యూటరుకే మామ ఫోను వేషం వేసేవాణ్ణి. పేరు మార్చి చెప్పించడం తెలిస్తే ఎవరైనా చెయ్యగల పని. మతి తప్పి నేనే కొట్టానా? ఆ రోజు కాటా చీటీలు తీశాను. ఎనిమిది ముప్పై ఒకటికి సున్నపురాయి లారీ ఒకటి తూచాను. చీటీ మీద టైము, నా సంతకం రెండూ ఉన్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడి డ్రైవరుకు బరువు కేకేస్తున్నాను. అత్త ఆ బరువు కూడా ఊహించింది, తప్పింది.

"ఏందిరా, అట్ట బిగుసుకుపోయావ్?" అంది అత్త.

"నీకెట్ట తెలుసు? నల్లద్దాల్లో నా మొహం కనపడతందా?"

"మొహమెందుకు, కీబోర్డు చప్పుడు ఆగింది."

చెప్పాలా వద్దా అని ఆగాను. నిజం చెబితే ఒక తంటా, దాస్తే ఒక తంటా. నా దగ్గర రెండు అంకెలున్నాయి. ఒకటి పక్క ఊరి పంతులు కొలిచింది, పదకొండు. రెండోది కృష్ణ అడుగున ఉన్న ఫోను నుంచి వచ్చింది, ముప్పై ఎనిమిది. పదకొండయితే ఆగాలి. ముప్పై ఎనిమిదయితే పెట్టాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని అంకెను నా జన్మలో ఎవరికీ ఇవ్వలేదు. కానీ వచ్చిన అంకెను దాచిందీ లేదు.

రెండూ చెప్పాను. ఎట్లా వచ్చాయో కూడా చెప్పాను. నమ్మొద్దని కూడా చెప్పాను. "ఎవరో మామ ఫోను పేరు వాడుకుని ఆకతాయితనం చేసి ఉంటారత్తా" అన్నాను.

ఆమె కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుంది. గోడ గడియారంలో తొమ్మిది నలభై దాటింది.

"ముందు సున్నా ఉందా?" అంది.

"ఉంది."

"నువ్వు చెప్పేటప్పుడు ముప్పై ఎనిమిదన్నావే."

"నోటి మాటగా అన్నాను. ఇక్కడ సున్నా ముప్పై ఎనిమిదే ఉంది."

ఆమె ఫోను తీసి తడుముకుంటూ మేస్త్రమ్మకు కొట్టమని నా చేతికిచ్చింది. కొట్టి ఇచ్చాను. "ఏమే, ముఠాని తోలుకుపో. మూడెకరాల పావూ పెట్టెయ్యండి," అంది. అవతల మేస్త్రమ్మ ఏదో అడిగింది. "ఎవరు చెప్తే ఏందే? కొలిచినోళ్ళే చెప్పారు," అంది అత్త.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "తిరిగి చెప్పావా?" అంది.

"ఎవరికత్తా?"

"ఇప్పుడొద్దులే. మొలక రానీ."

ఆ తర్వాత రెండు రోజులకు ఆదివారం. నేను స్కేలు, చిన్న గునపం తీసుకుని బండి మీద ఆ చేనుకు పోయాను. నేను చూసినవి వరుసగా రాస్తున్నాను.

మామ డబ్బా మీద సత్తు గిన్నె బోర్లించి ఉంది. దాని మీద రాయి. పెద్దకర్మ రోజున అత్తే పెట్టిందట, ఎవరూ కొలవని వాన అందులో పడకూడదని. గిన్నె తీసి చూశాను. గరాటులో సాలెగూడు. లోపల సీసా ఎండిపోయి ఉంది. అంటే ఆ డబ్బాలో ఆ వాన చుక్క కూడా పడలేదు. అందులోంచి ముప్పై ఎనిమిది కాదు, ఒకటి కూడా ఎవరూ కొలవలేరు.

పక్క చేనాయన గట్టు మీద నిలువు గోడల రేకు డ్రమ్ము ఒకటి ఉంది. మూత లేదు. వానకు ముందు రోజే మందు పని కోసం కడిగి బోర్లించి, ఆరాక నిలబెట్టానని ఆయన చెప్పాడు. దాంట్లో నీళ్ళకు స్కేలు పెట్టాను. ముప్పై మూడు మిల్లీమీటర్లు. మధ్యలో రెండు రోజుల ఎండ. అయిదు ఆవిరైపోయి ఉండొచ్చు. ఇది అంచనా మాత్రమే, లెక్క కాదు.

గునపంతో తవ్వితే జానెడు దాటి, ఇంకో రెండు వేళ్ళ లోతు దాకా చెమ్మ ఉంది.

ఏడో రోజుకు మొలక వచ్చింది. నేను వంద గుంతలు లెక్కపెట్టాను. ఎనభై ఆరింట్లో మొలిచింది. పుల్లారావు కూడా వచ్చి చూశాడు. పంచె ఎగ్గట్టి చేను నాలుగు మూలలా తిరిగాడు. ఎక్కడో ఒకచోట ఖాళీ దొరకకపోతుందా అన్నట్టు వెతికాడు.

"ఏం మంత్రం వేశావక్కా?" అన్నాడు.

"మీ బావ కొలిచాడ్లే," అంది అత్త. అతను పరాచికమనుకుని నవ్వాడు. ఆ తర్వాత కౌలు మాట ఎత్తలేదు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. కంప్యూటర్లు చెప్పే ఒక లెక్చరరును అడిగాను. కొన్ని ప్రోగ్రాములు ఏ ఫోను పేరయినా చెప్పుకుంటూ సైట్లలో తిరుగుతుంటాయని చెప్పాడు. నిజమే, అట్లాంటివి నా చిట్టాలోనూ రోజూ వస్తాయి. కానీ వాటికి మూడంకెలు కొట్టే అలవాటు ఉండదు. ముందు సున్నా పెట్టాలని తెలియదు. ఏ దారిన వచ్చిందో చెప్పే నంబరు చూస్తే, అది ఫోను కంపెనీ వాళ్ళది. మామ ఫోను కూడా ఆ దారినే వచ్చేది. అయితే ఆ దారిన సగం జిల్లా వస్తుంది కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా పెట్టను. అదే మోడలు ఫోను ఇంకెవరి దగ్గరయినా ఉండొచ్చు. ఉంటే, వాళ్ళకు ఆ రోజు ఆ చేలో ఎంత పడిందో ఎట్లా తెలుసు? లెక్చరరు "తెలియదండీ" అన్నాడు. అంత చదువుకుని ఆ మాట ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం.

ఇప్పుడు గిన్నె తీసేశాం. కొత్త గ్లాసు తెప్పించాను. పొద్దున ఎనిమిదిన్నరకు అత్తే పోయి కొలుస్తోంది. చూపు బాగా వచ్చింది. నాకు ఫోను చేసి అంకె చెబుతుంది, మూడు స్థానాల్లో. ఆమె చెప్పినవన్నీ ఆ క్షణమే తిరిగి చెప్పాను. ఒక్కటీ మిగల్చలేదు.

మిగిలింది ఆ ఒక్కటే. మొలక వచ్చిన రోజున చేను గట్టు మీద నిలబడి అత్తను అడిగాను. "ఇక ఆ అంకె తిరిగి కొట్టెయ్యనా అత్తా? మొలక వచ్చిందిగా."

ఆమె వంగి ఒక మొలక చుట్టూ మట్టి సర్దింది. వంగొద్దన్నారు కదా అని నేను అనబోయాను.

"చెప్పమాక," అంది. "విని పోతాడు."

ఆ తర్వాత ఇప్పటికి తొమ్మిదిసార్లు ఆ ఫోను పేరు నా చిట్టాలో పడింది. ప్రతిసారీ వాన పడిన మర్నాడు, ఎనిమిదిన్నర దాటాక. ఏమీ కొట్టదు. పేజీ తెరుస్తుంది, అంకె పక్కన ప్రశ్న గుర్తు పోయిందో లేదో చూసుకుంటున్నట్టు కాసేపు ఉంటుంది. నా సైటు కూడా ఆయన్ని చూడగానే బొమ్మలన్నీ తీసేసి, పెద్ద అక్షరాలతో "మామా చెప్పు" అంటుంది. దానికి మనిషి సంగతి తెలియదు, ఫోను పేరే తెలుసు. ఆ పేజీని తీసెయ్యడం నాకు ఒక్క నిమిషం పని. తియ్యలేదు.

ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. లెక్కకు అందనిదాన్ని లెక్కలో కలపను, కొట్టివేయను కూడా. ఈ రోజు వరకు నేను మా మామకు తిరిగి చెప్పాల్సిన బాకీ ఒక్క అంకె.

038.